ఎర్ర గీతకు నేను చెప్పిన కారణం

విచారణలో నన్ను అడిగినవి రెండే ప్రశ్నలు. ట్యాంకు మీద ఎర్ర గీత ఉందా? ఉంది. దాన్ని దాటి నింపకూడదని ఫోర్మన్‌కు చెప్పారా? చెప్పాను. రెండూ నిజాలే. ఆ గీత అక్కడ ఎందుకు గీశారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ట్యాంకు గోడ మందం లెక్క తప్పు. ఆ లెక్క కట్టింది నేను. తప్పని నాకు తెలిసి అప్పటికే రెండు వేసవులు దాటాయి.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఈమధ్య ఒక పెళ్లిలో అప్పటి సహోద్యోగి కనిపించి, భోజనాల దగ్గర నలుగురికీ వినిపించేలా, "మన ఉప్పు కంపెనీలో ట్యాంకు పగలగొట్టిన మేస్త్రి గుర్తున్నాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. పగలగొట్టింది ఆయన కాదని నేను అక్కడే చెప్పాను కాని, పెళ్లి భోజనంలో చెప్పిన మాట ఎంత దూరం పోతుంది? అందుకే రాస్తున్నాను.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మద్రాసులో నేను పని నేర్చుకున్న డ్రాయింగ్ ఆఫీసులో అన్నీ నూనె ట్యాంకులే. కిరసనాయిలు, డీజిలు, వేరుశెనగ నూనె. ఇవన్నీ నీటికంటే తేలిక. అయితే ట్యాంకు కట్టాక మొదట నీళ్లతో నింపి పరీక్షిస్తారు కనక, గోడ మందం నీటి బరువుకే కట్టేవాళ్లం. "నీళ్లకు నిలబడితే దేనికైనా నిలబడుతుందయ్యా" అనేవారు మా పెద్ద డ్రాఫ్ట్స్‌మన్. ఆ ఆఫీసు వరకు అది సరైన మాటే. సూత్రంలో ట్యాంకు ఎత్తు, వెడల్పు, ఇనుము ఓర్చుకోగల లాగుడు, అతుకు బలం, వీటితోపాటు లోపల పోసే ద్రవం నీటికి ఎన్ని రెట్లు బరువో కూడా వేయాలి. ఆ చోట మేము ఆలోచించకుండా ఒకటి వేసేవాళ్లం. ఒకటితో గుణిస్తే ఏమీ మారదు కనక కొన్నాళ్లకు ఆ ఒకటి రాయడం కూడా మానేశాం.

అదే అలవాటుతో నేను నెల్లూరు తీరానికి వచ్చాను. జువ్వలదిన్నెకు దక్షిణాన, కాలువకూ సముద్రానికీ మధ్య ఒక ప్రైవేటు ఉప్పు కంపెనీ ఉండేది. మడిలో ఉప్పు గడ్డకట్టి, దాన్ని తీసేశాక అడుగున చిక్కటి నీరు మిగులుతుంది. నాలుకకు తగిలితే చేదు. చేదునీళ్లు అనే అనేవాళ్లం. అంతకుముందు ఆ నీటిని కాలువలోకి వదిలేసేవారు. దాంట్లోంచి మందులకు పనికొచ్చే లవణాలు తీయవచ్చని యాజమాన్యానికి తెలిసింది. వేసవిలో పోగుచేసి ఏడాదంతా వాడుకోవడానికి పెద్ద ఇనుప ట్యాంకు కావాలన్నారు. ఆ పని నాది.

అవి ఉక్కు పర్మిట్ల మీద దొరికే రోజులు. ఎంత తక్కువ రేకుతో కడితే అంత తెలివి. గోడను ఇనుప రేకుల వరుసలుగా ఒకదాని మీద ఒకటి అతుకుతారు. అడుగు వరుస మీదే ఎక్కువ తోపుడు పడుతుంది కనక అక్కడ మందం ఎక్కువ ఉండాలి. ఆ వరుసను కూడా నేను లెక్క ఒప్పుకున్నంత పలచగా వేశాను, తుప్పుకు కూడా ఏమీ వదలకుండా. వెల్డింగు అయింది, లోపల తారు పూశారు, కాలువ దగ్గర మంచినీటి గుంట నుంచి నీళ్లు తోడి అంచుదాకా నింపారు. మూడు రోజులుంచినా చెమ్మ కూడా కనిపించలేదు. మేనేజరు కొబ్బరికాయ కొట్టి నా భుజం తట్టారు.

పంపులూ ట్యాంకూ చూసుకోవడానికి ఫోర్మన్‌గా ఒకాయన ఉండేవాడు. అందరూ మేస్త్రి అనేవాళ్లం. ఇసుక దిబ్బ అవతల పల్లెపాలెం ఆయనది. చేపలు పట్టే కుటుంబంలో పుట్టి, మద్రాసు హార్బరులో లాంచీల ఇంజన్ల దగ్గర పని నేర్చుకొని తిరిగొచ్చాడు. నాకంటే పదేళ్లు పెద్ద. పాలెంలో పడవ కొనాలన్నా, పిల్లను ఇవ్వాలన్నా, గాలి తిరిగేలా ఉందా అన్నా ఆయన్ని అడిగేవాళ్లు.

మొదటి వేసవిలో ట్యాంకులోకి చేదునీళ్లు ఎక్కించడం మొదలుపెట్టాం. ఒకరోజు పంపు బిగింపు దగ్గర కారుతుంటే కింద బకెట్ పెట్టారు. అది నిండితే, పక్కన ఎవరూ లేరని నేనే తీయబోయాను. చెయ్యి అనుకున్నంత తేలిగ్గా లేవలేదు. మళ్లీ పట్టుకొని లాగాను. మేస్త్రి చూసి నవ్వాడు.

"పొద్దున అన్నం తిన్లేదా సార్?"

నేను నవ్వలేదు. బకెట్ కింద పెట్టి దాని వైపే చూస్తూ నిలబడ్డాను. ప్రయోగశాలకు పోయి ద్రవం బరువు చూపే గాజు గొట్టాన్ని చేదునీళ్లలో తేలించి చూశాను. నీటికంటే పావు వంతు ఎక్కువ బరువు. గదికి పోయి తలుపు వేసుకొని, ఒకటి ఉండాల్సిన చోట ఒకటింబావు వేసి మళ్లీ లెక్క కట్టాను. అడుగు వరుస రేకు చాలదు. నీళ్ల పరీక్షలో గెలిచిన ట్యాంకు, అసలు సరుకు అంచుదాకా పోస్తే గెలవకపోవచ్చు.

మేనేజరు దగ్గరికి అప్పుడే పోవాల్సింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది కాని అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. నవ్వుతారు. ఉప్పునీళ్లు మామూలు నీళ్లకంటే బరువని ఆ తీరాన ఈత కొట్టే ప్రతి పిల్లవాడికీ తెలుసు. అది మరిచిపోయి ట్యాంకు కట్టిన ఇంజనీరు కథ కృష్ణపట్నం నుంచి కావలి దాకా పోతుంది. రెండు రోజులు ఆలోచించి, మూడో రోజు పెయింటరును పిలిచి ట్యాంకు చుట్టూ ఎత్తులో అయిదింట నాలుగు వంతుల దగ్గర ఒక ఎర్ర గీత గీయించాను. అంతవరకు నింపితే నా లెక్క ప్రకారం ప్రమాదం లేదు.

మేస్త్రి తల పైకెత్తి చూశాడు. "ఏంది సార్ ఇది, బొట్టు పెట్టించినారు?"

"కింద ఇసుక మెత్తగా ఉంది మేస్త్రీ. పునాది సర్దుకునేదాకా ఈ గీత దాటి నింపొద్దు."

"ఎన్నాళ్లకు సర్దుకుంటాదో?"

"నేను చెప్తాను."

"మా ఇంటామె కాపరానికొచ్చి పదైదేళ్లయింది, ఇంకా సర్దుకోలా. ఇనుము యాడ సర్దుకుంటాది" అన్నాడు. పక్కనున్న కూలీలు నవ్వారు. ఆయన మాత్రం ఆ తరువాత ఒక్కసారి కూడా గీత దాటనివ్వలేదు. మేనేజరుకు కూడా నేను ఇసుక కథే చెప్పాను. ఆయన తల ఊపి వేరే కాగితం తీసుకున్నారు.

ఆ తరువాతి రెండేళ్లు నేను ఎలా బతికానో చెప్పడం కష్టం. నా గది కిటికీ ట్యాంకు వైపే. పొద్దున ఎండ తగలగానే ఇనుము సాగి టక్కుమంటుంది. అది ఏ ట్యాంకైనా చేసే చప్పుడే. నేను మాత్రం ప్రతిసారీ లేచి కిటికీ దగ్గరికి పోయేవాణ్ణి. రోజూ పనిలోకి పోయే ముందు అడుగు వరుస అతుకుల మీద అరచెయ్యి పెట్టి చుట్టూ తిరిగేవాణ్ణి. "సారు ప్రదచ్చనం జేస్తా ఉండారు, ఎవురూ అడ్డం పోబాకండి" అనేవాడు మేస్త్రి. ఉప్పుగాలికి బయట రంగు పొక్కులు లేచేది. గీకి చూస్తే గోటి కింద తుప్పు పొడి. పునాది ఇంకా సర్దుకోలేదనే చెబుతూ వచ్చాను.

అరవైల మొదట్లో ఒక కార్తీక మాసంలో పంపు సామాను కోసం నెల్లూరు పోయాను. మేనేజరు మద్రాసులో ఉన్నారు. మరునాడు రేడియోలో తుపాను హెచ్చరిక వచ్చింది. ఆ మరుసటి పొద్దున్నే దొరికిన లారీ ఎక్కాను. కొడవలూరు దాటేసరికి వరి చేలన్నీ పడుకొని ఉన్నాయి, రోడ్డు మీద కొమ్మలు. రోడ్డు వదిలాక లారీ పోలేనంది. మిగతా దూరం గాలికి ఎదురు నడిచాను. వాన సూదుల్లా మొహాన కొడుతోంది.

ట్యాంకు కనిపించగానే ముందు ముల్లు కోసం చూశాను. ట్యాంకు లోపల తేలే డబ్బాకు తీగ కట్టి, ఆ తీగను పైనుంచి బయటికి దించి, చివర అంకెల పలక మీద ఒక ముల్లు వేలాడదీస్తారు. లోపల మట్టం పెరిగే కొద్దీ బయట ముల్లు కిందికి దిగుతుంది. ఆ ముల్లు పలక అడుగున ఉంది. అంటే ట్యాంకు అంచుదాకా నిండింది.

అంతకంటే భయంకరమైనది దాని కింద ఉంది. గాలి తగలని పడమటి పక్కన, ట్యాంకు గోడకు వీపులు ఆనించి పాలెం ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు కూర్చొని ఉన్నారు. చాపలు, కుండలు, రెండు మూడు మేకలు. ఆ మైదానంలో గాలికి కదలనిది అదొక్కటే. వాళ్లను అక్కడికి తెచ్చింది మేస్త్రి.

నన్ను చూసి ఆయన సంతోషంగా ఎదురొచ్చాడు. "వొచ్చినారా సార్. నిన్నట్నుంచి పంపు ఆపలా. గుంటల్లో ఉండే సరుకంతా ఎక్కించేసినా. లేకుంటే వానకు నీళ్లయిపోను."

"గీత?"

"దాటినా సార్." ఆయన గొంతులో జంకు లేదు. "సగమే నిండిన ట్యాంకును గాలి ఎత్తేస్తాదని భయపడినా. మా పడవలక్కూడా గాలొస్తాదంటే ఇసక నింపుతాం. బరువుంటేనే నిలబడతాది. ఇసకలో రవ్వంత కుంగితే కుంగనీండి, మళ్లా ఎత్తుకోవచ్చు."

నేను చెప్పిన కారణాన్ని బట్టి చూస్తే ఆయన చేసింది సరైన పనే. రెండు ప్రమాదాలను పక్కపక్కన పెట్టి చిన్నదాన్ని ఎంచుకున్నాడు. ఆ చిన్న ప్రమాదం నేను అల్లింది.

"వీళ్లను ఇక్కణ్ణుంచి లేపు మేస్త్రీ" అన్నాను.

"యాడికి? ఉప్పు నిలవుండే కొటారు రేకులు ఎగిరిపోయినాయి. దిబ్బ మీద నిలబడలేరు."

"ఎక్కడికైనా. ఇది కుంగుతోంది."

ఆయన వంగి పునాది చుట్టూ చూశాడు. "కుంగలా సార్. ఎంటికవాసి కూడా కుంగలా. మీరు తడిసిపోయినారు, రాండి, ఇట్లా కూచోండి."

ఒక ముసలామె పక్కకు జరిగి నాకు చాప మీద చోటిచ్చింది. "కూచో నాయనా, ఈడ గాలి లేదు" అంది. నేను కూర్చోలేదు. ఇసుక కాదు, గోడ అని ఒక్క మాట అంటే చాలు. నోరు తెరిచాను కూడా. వచ్చింది వేరే మాట. "సరుకు కొంచెం వదిలేస్తాను" అని అడుగున ఉన్న వాల్వు దగ్గరికి పోయి చక్రం తిప్పడం మొదలుపెట్టాను.

మేస్త్రి పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏం జేస్తా ఉండారు సార్? రాత్రంతా నిద్ర లేకుండా ఎక్కించినాం."

నేను విడిపించుకొని తిప్పుతూనే ఉన్నాను. ఆ గొట్టంలోంచి మట్టం తగ్గాలంటే చాలా సేపు పడుతుందని నాకు తెలుసు. వాల్వు పక్కనే ఉన్న నిలువు అతుకులో వెంట్రుక లాంటి ధార ఒకటి లేచింది. వాన అనుకోవడానికి లేదు. వాన పైనుంచి పడుతుంది, ఇది గోడలోంచి అడ్డంగా వస్తోంది. నా మోచేతికి తగిలి మంట పుట్టింది.

నేను ఎవరినీ పిలవలేదు. గొంతు రాలేదనుకుంటాను, లేదా రానివ్వలేదేమో. పరుగెత్తాను. ఆ జనంలో అందరికంటే ముందు పరుగెత్తింది నేను. నా వెనక మేస్త్రి గొంతు వినిపించింది. "లేయండి, లేయండి, పిల్లకాయల్ని ఎత్తుకోండి, కాలువ గట్టు దిక్కు పదండి." వాళ్లు ఆయన మాట మీద ఎలా వచ్చి కూర్చున్నారో అలాగే ఆయన మాట మీద లేచారు. గట్టు మీద బోర్లా పడి వెనక్కి చూసినప్పుడు ఆయన నాకు చోటిచ్చిన ముసలామెను చంకల కింద చేతులు వేసి లాక్కొస్తున్నాడు.

చప్పుడు గాలి కంటే పెద్దగా వచ్చింది. అడుగు వరుస అతుకు కింద నుంచి పైకి విచ్చుకుంది. చేదునీళ్లు గోడలా లేచి పంపు షెడ్డును తోసుకుపోయాయి. ముసలామె గట్టు వాలుకు కొట్టుకొచ్చింది, ఊపిరితో. మేస్త్రిని ఆ నీళ్లు పంపు దిమ్మెకేసి కొట్టాయి. ఆయన కాలు మోకాలి కింద విరిగింది. ఎవరూ చనిపోలేదు. ఆ మాటను నేను చాలా ఏళ్లు మందులా వేసుకున్నాను.

ఆయన నడవగలిగాక విచారణ జరిగింది. మేనేజరు గదిలో మేనేజరు, మద్రాసు నుంచి వచ్చిన డైరెక్టరు ఒకరు, నేను. మేస్త్రి కర్ర మీద ఆని నిలబడ్డాడు.

"గీత చూశావా?"

"చూసినా సార్."

"మరి ఎందుకు దాటావు?"

"ఇసక కుంగితే ట్యాంకు ఒరగతాది. గాలి ఎత్తుకుపోతే ఇంక ట్యాంకే లేదు. ఒరిగేదే మేలనుకున్నా."

"పగిలిందిగా?"

"పగిలింది సార్." ఆయన నా వైపు చూశాడు. నేరం మోపే చూపు కాదది. తెలియనిది అడిగే చూపు. ఇసుక మీద కూర్చున్న ట్యాంకు కుంగకుండా అతుకులో ఎందుకు విచ్చుకుందో, చదువుకున్నవాణ్ణి నేను చెబుతానని చూశాడు. నేను బల్ల మీద కాగితాలకు పెట్టిన గాజు గుండును చూస్తూ, అడిగిన రెండు ప్రశ్నలకు జవాబిచ్చాను. సాయంత్రానికి ఆయన్ని పనిలోంచి తీసేశారు.

కంపెనీ తీసేయడం ఒక ఎత్తు. పాలెం మాట ఇంకొక ఎత్తు. గీత దాటొద్దని ఇంజనీరు చెప్పినా వినకుండా నింపి, దాని కిందే మా బిడ్డల్ని కూర్చోబెట్టాడన్నారు. కాదనడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. నేను ఆ కంపెనీలో ఇంకో ఏడాది ఉన్నాను. అప్పటికే ఎవరూ ఆయన్ని ఏదీ అడగడం లేదని కూలీల మాటల్లో తెలిసేది. ఒకసారి గాలి వస్తుందని ఆయన చెప్పినా వినకుండా పడవలు పోయాయట. "ఆయన మాట ఇంటే ట్యాంకు కింద కూచోవాల్సిందే" అని ఒకడు ఎగతాళి చేశాడట.

నేను వేరే ఊరికి, వేరే ఉద్యోగానికి పోయాను. అక్కడా ట్యాంకులే. ద్రవం బరువు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఆ అంకెను రెండుసార్లు రాసి చూసుకునేవాణ్ణి. వాన గట్టిగా పడిన రోజు ఇంట్లో ఎవరైనా గోడకు ఆనుకొని కూర్చుంటే లెమ్మని కసిరేవాణ్ణి. నా భార్యకు కారణం తెలియదు. అరవైలు ముగుస్తుండగా, ఒక నూనె కంపెనీలో కొత్తగా చేరిన కుర్రవాడు తన లెక్క తెచ్చి నా ముందు పెట్టాడు. ద్రవం బరువు చోట ఏమీ రాయలేదు. "ఇదేమిటి?" అన్నాను. "నీళ్లకు నిలబడితే చాలు కద సార్" అన్నాడు. నేను ఆ వారమే సెలవు పెట్టి బయలుదేరాను.

జువ్వలదిన్నెలో బస్సు దిగి ఒడ్డు వెంట నడిచాను. దారిలో మూడుసార్లు వెనక్కి తిరిగానేమో. మేస్త్రి ఇంటి ముందు పందిట్లో కాలు చాపుకొని వల అల్లుతున్నాడు. తల నెరిసింది.

"ఎవురూ?" అని కళ్ల మీద చెయ్యి పెట్టుకున్నాడు. "సారా? రాండి, రాండి. మే, సారొచ్చినారు, చెంబుతో నీళ్లు తే."

నీళ్లు తాగలేదు. నిలబడే చెప్పాను. మద్రాసు ఆఫీసు, ఒకటి, బకెట్, గీత, అంతా. ఆయన వల అల్లే చెయ్యి ఆపాడు.

"అంటే ఇసక గట్టిదేనా సార్?"

"గట్టిదే."

ఆయన వల పక్కన పెట్టాడు. "ఇన్నాళ్లూ నేను ఇసకనే తిట్టుకుంటా ఉండా" అన్నాడు. తరువాత, "మీరు ఒక్క మాట... గోడ పలచన అని ఒక్క మాట చెప్పుంటే, గీత దాకా నింపి ఆపుతా గదా సార్. నన్ను మీరు ఏమనుకున్నారు?"

"క్షమించు మేస్త్రీ" అని వంగబోయాను. ఆయన భార్య నీళ్ల చెంబు నేల మీద పెట్టి అడ్డం వచ్చింది.

"మాకు జెప్పి ఏం లాభం సామీ? ఈయన తప్పు చేసుండడని నాకు అప్పుడే తెలుసు. తెలియాల్సినోళ్లు అదో, ఆడుండారు. ఈ మనిషి ఆ పెద్దల పందిట్లోకి పోయి కూచోని ఎన్నాళ్లయిందో తెలుసా నీకు? మాట జెప్పాలంటే ఆడ జెప్పు. లేకుంటే వొచ్చిన బస్సుకే పో."

"ఊరుకోమే" అన్నాడు మేస్త్రి, కాని వద్దనలేదు.

పడవలు ఒడ్డుకు చేరి, చేపలు పంచుకున్నాక, పెద్దలు కూర్చునే పందిరి కింద జనం పోగయ్యారు. ఆ రోజు ట్యాంకు కింద తల్లుల పక్కన కూర్చున్న పిల్లలు ఇప్పుడు మీసాలొచ్చి పక్కన నిలబడి ఉన్నారు. వాళ్లు కొడితే కొట్టనీ అనుకున్నాను. మేస్త్రి నా వెనక, పందిరి బయట, కర్ర మీద ఆని నిలబడ్డాడు. నేను ఆయన్ని చెయ్యి పట్టి లోపలికి తెచ్చి నా పక్కన నిలబెట్టుకున్నాను.

"ఆ ట్యాంకు కట్టింది నేను" అన్నాను. "గోడ పలచగా కట్టాను. ఉప్పునీళ్లు బరువని మరిచిపోయాను. తెలిశాక మీరంతా నవ్వుతారని సిగ్గుపడి, ఇసుక మెత్తనని ఈయనకు అబద్ధం చెప్పాను. ఈయన నా మాట నమ్మాడు, అంతే. ట్యాంకు కారుతుంటే చూసి, మీకు చెప్పకుండా పరుగెత్తింది నేను. మిమ్మల్ని లేపింది ఈయన. కంపెనీ వాళ్లు అడిగినప్పుడు కూడా నోరు మూసుకున్నాను. ఈయన కాలూ, పనీ, మీలో ఈయన మాటకున్న విలువా నా వల్ల పోయాయి. మేస్త్రీ, నేను నీకు అన్యాయం చేశాను, నన్ను క్షమించు. అమ్మా, అయ్యా, మీ బిడ్డల్ని చావు పక్కన కూర్చోబెట్టింది నేను, ఈయన కాదు. మీరు కూడా నన్ను క్షమించండి."